ఉస్మానియాకు తాళం వేస్తే సరిపోదు
2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లు చేరాక, రోగులను తరలించి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనానికి తాళం వేశారు. రాలిన పెచ్చులు, గోడ పగుళ్లలో మొలిచిన మొక్కలు చూసి కూల్చేయడమే నయమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ పగుళ్లకు వయసు కన్నా నిర్లక్ష్యమే పెద్ద కారణం. సున్నపు కట్టడానికి అసలు శత్రువు చెమ్మ. పైకప్పు కారకుండా, కాలువలు పూడకుండా చూస్తే అది తరాలపాటు నిలుస్తుంది. 1908 మూసీ వరద పాత అఫ్జల్‌గంజ్ దవాఖానాను ముంచేశాక, విన్సెంట్ ఎష్ నమూనాతో ఏడో నిజాం కట్టించిన భవనమిది. ఆ పాత దవాఖానాలోనే 1880ల చివర్లో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫాం ప్రయోగాలు జరిగి, ప్రపంచ వైద్యులు హైదరాబాద్ వైపు చూశారు. ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది వరద నుంచి బతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. రోగి ప్రాణం ముఖ్యమా, రాళ్లు ముఖ్యమా అని అడుగుతారు. మంచం దొరకక నేలమీద పడుకున్న పేదవాడి తరఫున అడిగే ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది కనుక ఇక ఆ రెంటికీ పోటీ లేదు. పాత వార్డులను బాగుచేసి వైద్యచరిత్ర మ్యూజియానికి, నర్సింగ్ తరగతులకు ఇవ్వొచ్చు. ముందుగా, వచ్చే వానాకాలంలోపు పైకప్పుకు మరమ్మతు చేయాలి.