గొంగడి యేల మరుగుపడెను?

అమ్రాబాదు పీఠభూమిలోని గొల్లకురుమలకు గొంగడి వానకు గొప్పె, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. అట్టి గొంగడిని నేడు బీరప్ప పండుగలందును, సన్మానసభలలో నాయకుల భుజములపైనను మాత్రమే యెక్కువగా చూచుచున్నాము.

నాగరకత హెచ్చుటచే మోటుబట్ట పోయినదని కొందరందురు. మే మంగీకరింపము. ఐరోపాలో చేతులుగల కోటు వచ్చి భుజములపై కప్పుకొను నిలువు వస్త్రమును త్రోసివేసెను. అచ్చట బట్టను బట్ట గెలిచినది. ఇచ్చట మూలపదార్థమే యెండిపోయినది. గొంగడికి నల్లని దక్కనీ గొర్రె ఉన్ని కావలెను. స్త్రీలు దానిని వడకవలెను, చింతగింజల గంజి పట్టించవలెను, గుంటమగ్గముపై నేయవలెను. ఇంత శ్రమకు దగిన వెల లేదు. మాంసమునకు వెల గలదు. కనుకనే కాపరులు ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్లను మందలో గలిపిరి. మిల్లు కంబళియు, ప్లాస్టికు పట్టయు మిగిలిన పని ముగించినవి. ఉన్నికి ధర లేని యంగడిలో నిలిచి కాపరిని నిందించుట గొంగడిలో భుజించుచు వెండ్రుక లేరుటయే.

2017లో తెలంగాణ ప్రభుత్వము నూటికి 75 వంతుల రాయితీపై 20 గొర్రెలను, ఒక పొట్టేలును పంచ నారంభించెను. అందు తలల లెక్కయే గాని ఉన్ని లెక్క యేది? దక్కనీ పొట్టేళ్లను పంచవలెను. ఉన్నిని గిట్టుబాటు ధరకు గొనవలెను.

పట్టణవాసులారా! నాయకునికి గొంగడి గప్పి చప్పట్లు గొట్టుట సన్మానము కాదు. నేసిన కురుమకు న్యాయమైన వెల చెల్లించి, చలికాలమున మీరే కప్పుకొనుడు.