హెల్మెటు ఉండవలసిన చోటు

ప్రతి ఉదయము మన కళాశాల ద్వారము వద్ద ఒక దృశ్యము కనిపిస్తుంది. ఒకే మోటారు సైకిలు మీది నుండి ముగ్గురు విద్యార్థులు దిగుతారు. ముగ్గురి తలలకూ రక్షణ లేదు. హెల్మెటు మాత్రము పెట్రోలు ట్యాంకు మీద భద్రముగా ఉంటుంది. ఈ విషయమున అధ్యాపకులమైన మేమును నిర్దోషులము కాము. పోలీసు కనబడగానే తలకు పెట్టుకొని, మలుపు తిరగగానే తీసివేసే అలవాటు మాలోనూ కలదు.

మన దారులు సామాన్యమైనవి కావు. తాండూరు నుండి నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు రాత్రింబవళ్ళు సాగుతాయి. అనంతగిరి ఘాటులో మలుపు వెనుక ఏమి వస్తున్నదో తెలియదు. 2025 నవంబరు 3న తాండూరు నుండి హైదరాబాదు వెళ్ళే బస్సును చేవెళ్ళ సమీపమున కంకర టిప్పరు ఢీకొన్నప్పుడు, చదువుల కోసము బయలుదేరిన విద్యార్థినులు సైతము ప్రాణములు కోల్పోయారు. ఇనుప గోడలున్న బస్సుకే అట్టి గతి పట్టగా, గోడలే లేని వాహనమునకు రక్షణ ఏది?

వేగము రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లగునని పరీక్షలో వ్రాసే విద్యార్థి, రోడ్డెక్కగానే ఆ పాఠమును మరచుట విచిత్రము. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించారు. వారిలో 50,029 మంది హెల్మెటు ధరించని ద్విచక్ర వాహనదారులు, వారి వెనుక కూర్చున్నవారు.

18 ఏళ్ళు నిండనివారికి గేర్ల మోటారు సైకిలు నడిపే లైసెన్సు రాదు. 2019 చట్ట సవరణ ప్రకారము, మైనరు చేసిన నేరమునకు సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానా, 3 సంవత్సరముల వరకు జైలుశిక్ష పడవచ్చును. మన ఇంటర్మీడియేట్ విద్యార్థుల తండ్రులు ఈ సంగతి తెలిసికొనుట అవసరము.

“పల్లె నుండి వేళకు బస్సు లేదు, ఏమి చేయమంటారు?” అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కనుక కళాశాల కమిటీవారికి మా విన్నపములు రెండు. కళాశాల వేళలకు బస్సులు నడపవలసినదిగా ఆర్టీసీవారికి వ్రాయండి. హెల్మెటు లేని వాహనమును, ముగ్గురెక్కిన వాహనమును ద్వారము దాటనీయకండి. ఆ నియమమును మొదట మా అధ్యాపకులకే వర్తింపజేయండి, మేము సిద్ధము.

విద్యార్థులారా! కొనునపుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, పట్టీ బిగించండి, వెనుక కూర్చున్న మిత్రునికీ ఒకటి ఉంచండి. పట్టా తరువాత వస్తుంది. సాయంత్రము గుమ్మములో ఎదురుచూసే తల్లి వద్దకు ముందు క్షేమముగా చేరండి.