గంట విమానానికి మూడు గంటల దారి!

గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని: ఓర్వకల్లులో విమానమెక్కితే సుమారు గంటలో విజయవాడ. వినడానికి బాగానే ఉంది. ఆదోని వాసికి మాత్రం ఆ గంట కన్నా ఓర్వకల్లు చేరే దారే పెద్దది.

కర్నూలుకు సుమారు 20 కి.మీ. దూరంలో, నంద్యాల దారిలో ఉన్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. అదే నెల 28న బెంగళూరు, చెన్నై, విశాఖలకు ఉడాన్ పథకం కింద ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. విజయవాడ సర్వీసు 2025 జులై 2న, వారానికి మూడు రోజుల చొప్పున మొదలైంది.

విమానాశ్రయం నుంచి పడమటికి గీత గీస్తే గూడూరు సుమారు 40, ఎమ్మిగనూరు 75, ఆదోని 95 కి.మీ. దూరంలో ఉన్నాయి. రోడ్డు మీద ఇంకా ఎక్కువే. ఆదోని నుంచి కారులోనైనా రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కౌంటరు మూసేలోపు చేరాలి కనుక మరో గంట ముందే అక్కడుండాలి. గన్నవరంలో దిగాక విజయవాడ నగరానికి ఇంకో ముప్పావు గంట. అంతా కలిపితే ఐదు గంటలు దాటుతుంది. రోడ్డు మార్గంలో పట్టే తొమ్మిది, పది గంటలతో పోలిస్తే లాభమే. అయితే, ఆ రోజు విమానం ఉంటేనే. హైకోర్టు వాయిదా మంగళవారమో, గురువారమో పడితే విమాన సర్వీసు రోజు చూసుకొని రాదు కదా!

ఓర్వకల్లు నుంచి గన్నవరానికి గగనమార్గం సుమారు 295 కి.మీ. మాత్రమే. గంటకు 500 కి.మీ. వేగంతో వెళ్లే ఏటీఆర్‌కు 35 నిమిషాల పని. మిగతా సమయం రన్‌వే మీద కదలడానికి, పైకి లేవడానికి, దిగడానికి పోతుంది. అదే హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 7,750 కి.మీ. దూరం 26 రెట్లు, పట్టే సమయం మాత్రం పది గంటలు. అంత ప్రయాణంలో శంషాబాద్ చేరే దారి పెద్ద లెక్కలోకి రాదు. దగ్గరి ఊళ్లకు వెళ్లేటప్పుడే నేల మీది గంటలు గాలిలోని లాభాన్ని మింగేస్తాయి.

బెంగళూరు లెక్క మరీ విచిత్రం. ఓర్వకల్లు నుంచి బెంగళూరు విమానాశ్రయం సుమారు 283 కి.మీ. కాగా, ఆదోని నుంచి అదే విమానాశ్రయానికి గీత గీస్తే 273 కి.మీ.! దక్షిణానికి వెళ్లాల్సినవాడు ముందు తూర్పుకు 95 కి.మీ. పోవాలన్నమాట. రాత్రి ఆదోనిలో రైలెక్కితే ఉదయానికి బెంగళూరులో దిగవచ్చు కనుక పత్తి వ్యాపారి రైలునే నమ్ముకుంటాడు. రైలు మార్గం లేని ఎమ్మిగనూరు వారికి ఆ వీలూ ఆదోనికి వస్తేనే.

కొత్త సర్వీసు వచ్చినప్పుడల్లా గాలిలో పట్టే సమయాన్నే ఘనంగా చెబుతున్నారు. విమానం వేళకు అందేలా ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా నేరుగా ఓర్వకల్లుకు ఒక బస్సు నడిపితే, కర్నూలులో దిగి మరో బండి వెతుక్కునే సమయమైనా మిగులుతుంది. దానికి రన్‌వే అక్కర్లేదు.