వసై దుబాసీ

2008 అక్టోబరులో కేరళ సన్యాసిని అల్ఫోన్సాకు వాటికన్ సెయింట్ హోదా ఇచ్చినప్పుడు ఆమెను తొలి భారతీయ సెయింట్ అన్నవాళ్లున్నారు. తొలి మహిళ అనాల్సింది. అంతకు 146 ఏళ్ల ముందే, 1862లో, ఆ హోదా పొందినవాడు ఒకడున్నాడు. పేరు గొన్సాలో గార్సియా.

ముంబైకి ఉత్తరాన పోర్చుగీసుల చేతిలో ఉన్న వసైలో 1557 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి పోర్చుగీసు, తల్లి స్థానికురాలు. కుర్రతనంలోనే జెసూయిట్ల వెంట జపాన్ వెళ్లి అక్కడి భాష పట్టేశాడు. వాళ్ల సంఘంలో చేరాలన్న కోరిక మాత్రం తీరలేదు. కొన్నాళ్లు వ్యాపారం చేసి, మనీలాలో ఫ్రాన్సిస్కన్లలో చేరాడు. ఫాదర్ కాదు, బ్రదర్ మాత్రమే. అయినా 1593లో స్పానిష్ రాయబారిగా పెద్రో బప్తిస్తా జపాన్ వెళ్తే, ఆ దేశ పాలకుడు హిదెయోషి ముందు నోరు విప్పాల్సింది ఈ వసై దుబాసీయే.

మిషనరీలు వెళ్లిపోవాలని హిదెయోషి 1587లోనే ఆజ్ఞాపించాడు. కానీ పోర్చుగీసు ఓడలు తెచ్చే పట్టు కావాలి కనుక చూసీచూడనట్టు ఊరుకున్నాడు. 1596లో మనీలా నుంచి మెక్సికో వెళ్తున్న సాన్ ఫెలిపె ఓడ తుపానుకు చితికి జపాన్ తీరంలో చిక్కుకుంది. సరుకు జప్తయింది. ముందు మిషనరీలు, వెనుక సైన్యం, తమ రాజు దేశాలను గెలిచే తీరు ఇదేనని ఓడ పైలట్ డాంబికంగా అన్నాడని కథనం. అన్నాడా లేదా అని జెసూయిట్లు, ఫ్రాన్సిస్కన్లు ఆనక చాలాకాలం తగవులాడుకున్నారు. అనకపోయినా అనుమానానికి ఆధారముంది. మనీలా 1571లో స్పెయిన్ వశమైన సంగతి జపాన్‌కు తెలియనిదేం కాదు. సామ్రాజ్యానికీ మతానికీ మధ్య గీత గీయడం ఆ ఓడలెక్కి వచ్చినవారికే సాధ్యం కాలేదు, హిదెయోషిని తప్పుపట్టి ఏం లాభం? అయితే శిక్ష పడింది ఫిరంగులు మోసుకొచ్చినవారికి కాదు. క్యోటోలో కుష్ఠు రోగులకు సేవ చేస్తున్నవారికి.

చెవులు కోసి, ఊళ్ల మీదుగా చలికాలంలో నాగసాకి దాకా నడిపించారు. 1597 ఫిబ్రవరి 5న నిషిజాకా గుట్టపై 26 మందిని సిలువ వేసి, ఈటెలతో పొడిచారు. వారిలో 20 మంది జపనీయులే. ఒకడికి పన్నెండేళ్లు. మెక్సికోలో పుట్టిన ఫెలిపె ఆ ఓడలోని ప్రయాణికుడే. మెక్సికో అతన్ని తన తొలి సెయింట్‌గా నెత్తిన పెట్టుకుంది. మన గొన్సాలో వసై దాటితే ఎవరికీ తెలియడు. తండ్రి పోర్చుగీసు కావడమే కారణమా? అలాగైతే మెక్సికో ఫెలిపె తల్లిదండ్రులు కూడా స్పానియార్డులే.

నిషిజాకాపై 1962లో వెలసిన స్మారకంలో 26 కంచు విగ్రహాలున్నాయి. గొన్సాలోదీ వాటిలో ఒకటి.