పురుగుమందు సీసాకు ఉన్న తెలుగు బిస్కెట్టు ప్యాకెట్టుకు లేదా?



మడకశిర పక్కనున్న మన గుడిబండలో ఒక రైతు తన వేరుశనగ చేనికి పురుగుమందు కొన్నాడనుకోండి. ఆ సీసాతో పాటు వచ్చే కాగితంలో ఎంత మోతాదు కలపాలో, కంట్లో పడితే ఏం చేయాలో, పొరపాటున కడుపులోకి పోతే ఏ చికిత్స అవసరమో తెలుగులో ఉంటుంది. ఇది కంపెనీవారి దయ కాదు. హిందీ, ఇంగ్లీషులతో పాటు, ఆ మందు అమ్ముడయ్యే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు ప్రాంతీయ భాషల్లో కూడా లేబులునూ కరపత్రాన్నీ ముద్రించి తీరాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళి శాసించింది.

అదే రైతు తిరుగు దారిలో మనుమరాలికి ఒక రాగి బిస్కెట్ల ప్యాకెట్టు కొంటాడు. ముందు వైపు రాగి కంకి బొమ్మ, పచ్చని ఆకు, నవ్వుతున్న పిల్ల. వెనుక వైపు ఆవగింజలంత ఇంగ్లీషు అక్షరాలు. అందులో రాగి ఎంత, మైదా ఎంత, చక్కెర ఎంత అన్నది ఆ అక్షరాల్లోనే ఉంది. కానీ ఆ రైతుకు అది లేనట్టే. ఎందుకంటే 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉంటే చాలు. ఇంకొక భాషను అదనంగా వాడుకోవచ్చు. వాడి తీరాలన్న నిర్బంధం లేదు.

చేనుకు చల్లే మందుకు తెలుగు తప్పనిసరి. బిడ్డకు పెట్టే తిండికి తెలుగు ఐచ్ఛికం. ఈ వైపరీత్యాన్ని మనం ఇన్నేళ్లుగా సహించడం న్యాయం కాదన్నదే నా వాదన.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను సవరించి ప్రచురించింది. మొత్తం 17 సూత్రాలు. చిట్టచివరిది ఏమిటో తెలుసా? ఆహార లేబులు మీది సమాచారాన్ని చదివి, తెలిసి ఎంచుకొమ్మని. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ప్రతిష్ఠాత్మక సంస్థ అది. తెలుగు నేల మీద కూర్చొని అది ‘చదవండి’ అంటుంది. తెలుగు నేల మీద అమ్ముడయ్యే ప్యాకెట్టు ‘నీ భాషలో కాదు’ అంటుంది. వైద్యులం మేము కూడా ప్రతి మధుమేహ రోగికీ ‘ప్యాకెట్టు వెనుక చూసి కొనండి’ అని చెప్పి పంపుతుంటాం. చూడగలరు, చదవగలరా అన్నది అడగం. తాళం చెవి ఇవ్వకుండా తలుపు తెరవమనడం వంటిదే ఈ సలహా.

ఇదంతా అక్షరాల మీది అభిమానంతో చేస్తున్న గొడవ అనుకోకండి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలోని పెద్దల్లో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు అది తేల్చింది. మధుమేహం ఇక పట్నం జబ్బు కాదు. వీరందరికీ మందుబిళ్లతో సమానమైన చికిత్స ఒకటుంది: ఉప్పునూ చక్కెరనూ లెక్కగా తినడం. లెక్క తెలియాలంటే లెక్క రాసిన కాగితం చదవాలి.

ఆ కాగితంలో ఏముంటుందో చూద్దాం. దినుసుల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది తరువాత రావాలన్నది నియమం. ‘రాగి బిస్కెట్టు’ జాబితాలో మొదటి పేరు గోధుమ పిండి లేదా మైదా, రెండవది చక్కెర, మూడవది పామాయిలు అయి, రాగి వెనుక వరుసలో ఉంటే, మీరు కొన్నది రాగి పేరు పెట్టుకున్న మైదా బిస్కెట్టే. ఏ దినుసునైతే పేరులోనో బొమ్మలోనో ప్రత్యేకంగా చాటుకున్నారో, అది ఎంత శాతం ఉందో కూడా రాయాలి. ఆ అంకె మీద వేలు పెట్టి చూడండి.

చక్కెర ఒక్క పేరుతో రాదు. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్ట్రోజ్ అన్నీ దాని చుట్టాలే. మాల్టోడెక్స్ట్రిన్ నాలుకకు తీపి అనిపించదు. రక్తంలో మాత్రం గ్లూకోజును త్వరగా పెంచుతుంది. ఇక ఉప్పు ‘సోడియం’ అనే మారుపేరుతో దాక్కుంటుంది. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాముల చిరుతిండిలో 1,000 మిల్లీగ్రాముల సోడియం ఉందంటే అది రెండున్నర గ్రాముల ఉప్పు. ఒక మనిషికి రోజంతటికీ 5 గ్రాముల లోపే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సినిమా ఇంటర్వెల్‌లో ఖాళీ చేసిన ఒక ప్యాకెట్టుతో సగం కోటా అయిపోయింది. చక్కెరకు కూడా ఇలాగే నాలుగు గ్రాములను ఒక టీ చెంచాగా లెక్కపెట్టుకోండి. పైనుంచి కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని అదే సంస్థ మాట. అంటే ఆరు చెంచాలు. కాఫీ, టీలలో వేసుకునేది కూడా ఈ ఆరింటిలోనిదే.

ఈ లెక్క ఏడవ తరగతి చదివినవారెవరైనా చేయగలరు. అడ్డం వస్తున్నది గణితం కాదు, భాష.

ఇప్పుడు తెర వైపు తిరుగుదాం. ఇదే బిస్కెట్టు, ఇదే శీతల పానీయం, ఇదే పిల్లల పాలలో కలిపే పొడి టీవీలోనూ ఫోనులోనూ సినిమా హాలులోనూ ఏ భాషలో మాట్లాడతాయి? చక్కని తెలుగులో. మనకు ఇష్టమైన సినీ తారల గొంతులో, ప్రాసలతో, పాటలతో. ప్యాకెట్టు ముందు తెలుగు వినిపించి, వెనుక తెలుగు మాయమవుతుంది. అమ్మేటప్పుడు వచ్చిన భాష, నిజం చెప్పేటప్పుడు ఎందుకు రాదు? ‘ఆరోగ్య పానీయం’ అన్న మాటనే తీసుకోండి. అలాంటి పానీయానికి మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు ఆ శీర్షిక కింద నుంచి ఆ డబ్బాలను తొలగించమని చెప్పవలసి వచ్చింది. అప్పటిదాకా ఎందరు తల్లులు ఆ మాటను నమ్మి పాలలో చక్కెర కలిపి తాగించారో ఊహించుకోండి.

సినిమా విషయంలో ప్రభుత్వానికి ఈ సంగతి ముందే తెలుసు. తెర మీద పాత్ర సిగరెట్టు ముట్టించగానే కింద హెచ్చరిక కనిపించాలన్న నియమం 2012 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చింది. ఆ హెచ్చరిక సినిమా ఏ భాషదైతే ఆ భాషలోనే ఉండాలని కూడా ఆ నియమం చెప్పింది. తెలుగు ప్రేక్షకుడికి పొగాకు హాని తెలుగులోనే చెప్పాలని గ్రహించిన రాజ్యం, తెలుగు తల్లికి చక్కెర హాని తెలుగులో చెప్పాలని ఎందుకు గ్రహించదు?

ఎదురు వాదాలు నేను ఎరుగుదును. ఒక్కొక్కటే చూద్దాం.

‘ప్యాకెట్టు మీద చోటు లేదు’ అంటారు. కంకి బొమ్మకు, తార బొమ్మకు, ఉచిత బహుమతి ప్రకటనకు చోటుంది. చిన్న పురుగుమందు సీసాకు దొరికిన చోటు పెద్ద బిస్కెట్టు ప్యాకెట్టుకు దొరకదంటే ఎలా నమ్మడం?

‘ఇన్ని భాషల దేశంలో ఎన్నని అచ్చు వేస్తాం?’ అంటారు. అన్నీ వేయమని ఎవరూ అడగలేదు. అమ్మే చోటి భాష వేయమంటున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. ఐరోపాలో ఇంతకంటే తక్కువ జనం మాట్లాడే భాషలలో లేబుళ్లు అచ్చవుతూనే ఉన్నాయి. గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం మండలాల్లో తెలుగుతో పాటు కన్నడం కూడా ఇంటి భాషే. పురుగుమందుల నియమావళిలోని ‘ఒకటి రెండు ప్రాంతీయ భాషలు’ అన్న మాట ఇటువంటి సరిహద్దు ఊళ్లకు అతికినట్టు సరిపోతుంది.

‘ఫోను కెమెరా పెడితే అదే అనువదిస్తుంది కదా’ అంటారు. నలభై దాటాక చత్వారం వస్తుంది. కిండిల్ వంటి ఈ-రీడర్ మీద ముసలి కళ్లకు సరిపడేంతగా అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చు. ప్యాకెట్టు మీది అక్షరం వేలితో ఎంత లాగినా పెరగదు. వంకరగా మెరిసే ప్లాస్టిక్ కాగితం మీది చిన్న అక్షరాలను కెమెరా తప్పుగా చదవడం మీరూ చూసే ఉంటారు. అన్నిటికీ మించి, నిజం చెప్పవలసిన బాధ్యత అమ్మేవాడిది. దానిని కొనేవాడి ఫోను మీదికి నెట్టడం న్యాయం కాదు.

చివరి వాదం అన్నిటికంటే పదునైనది: ‘తెలుగులో వేసినా చదివేదెవరు? మీవాళ్లు చదవరు.’ ఈ మాట మనకు కొత్త కాదు. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ ఈ-పుస్తకాలను ఐదు భారతీయ భాషల్లోకి తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. నోరు తెరచి అడగని పాఠకుణ్ణి వ్యాపారం లేనివాడిగానే లెక్కిస్తుంది.

కానీ మనవాళ్లు చదవరన్నది చరిత్ర ఒప్పుకోని మాట. 1914లోనే బెజవాడలో ఆంధ్ర దేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలను ఊరూరికీ చేర్చారు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితాన్ని ధారపోశారు. వారెవరూ ‘ముందు చదివే అలవాటు రానీ, తరువాత పుస్తకం తెస్తాం’ అనలేదు. ముందు పుస్తకం తెచ్చారు. అలవాటు వెనుకనే వచ్చింది. లేబులు విషయంలోనూ వరుస ఇదే.

ఇతర దేశాలు ఇంకా ముందుకు పోయాయి. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు హద్దు మీరిన ప్యాకెట్ల ముందు భాగంలోనే నల్లని అష్టభుజి ముద్ర వేయిస్తోంది. మన దేశంలో 2022 సెప్టెంబరులో వెలువడిన ముసాయిదా నల్ల ముద్రలకు బదులు నక్షత్రాల మార్కులను ప్రతిపాదించింది. నక్షత్రం మన కంటికి బహుమతి గుర్తు. అర నక్షత్రం ఉన్నా మెప్పులాగే కనిపిస్తుంది, హెచ్చరికలాగా కాదు. హద్దు మీరిన ఉప్పుకు కావలసింది ‘ఉప్పు ఎక్కువ’ అన్న రెండు తెలుగు మాటలు.

కనుక మనం అడగవలసినవి ఇవి. ఆహార లేబులింగ్ నిబంధనల్లో పురుగుమందుల నియమావళిలోని భాషా నిబంధనను యథాతథంగా చేర్చాలి. అది చేరేదాకా, తెలుగులో ప్రకటనలిచ్చే ప్రతి కంపెనీ తెలుగులో లేబులు కూడా వేయాలి. చట్టం ఇప్పుడు కూడా అడ్డు చెప్పడం లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మడకశిర శాసనసభ్యులనూ మన పార్లమెంటు సభ్యుణ్ణీ ఈ ఒక్క ప్రశ్న అడగండి. హిందూపురం 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు గారిని గెలిపించిన ఊరు. తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదాన్ని నెత్తిన పెట్టుకున్న ఊరు. బిడ్డ నోట్లో పెట్టే తిండి పేరు తెలుగులో అడగడం కంటే పెద్ద ఆత్మగౌరవం ఏముంటుంది?

మీ ఇంట్లో చేయవలసినదీ ఉంది. ఈ వారం కొన్న ప్యాకెట్లన్నీ బల్ల మీద పెట్టి, ఇంగ్లీషు వచ్చిన మీ పిల్లలచేత మొదటి మూడు దినుసులు, చక్కెర, సోడియం చదివించి పెద్దలకు తెలుగులో చెప్పించండి. రాత్రి సినిమా చూస్తూ తినే అలవాటు ఉంటే ప్యాకెట్టును ఒళ్లో పెట్టుకోకండి; గిన్నెలో కొంచెం పోసుకొని మిగిలింది కట్టి పెట్టండి. తెర మీద కన్ను ఉన్నప్పుడు చెయ్యి లెక్క మరచిపోతుంది. ఊరి గ్రంథాలయానికి సెస్సు మనమే కడుతున్నాం గనుక, ఒక గోడ మీద లేబులు చదివే పద్ధతిని తెలుగులో రాసి పెట్టమని అడగండి.

లేబులు అవసరమే లేని తిండి మన సీమలో ఉంది: రాగి ముద్ద, ఉలవచారు, అనుముల కూర. రాగి పిండిలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. వాటిని ఎంత తిన్నా ప్యాకెట్లు మన ఇళ్లలోకి రాక మానవు; తెల్లవారకముందే పనికి పోయే తల్లిని ‘కొనవద్దు’ అని నిందించే అధికారం నాకు లేదు. ఆమె కొనేది ఏమిటో ఆమె భాషలో ఆమెకు చెప్పమని అడిగే అధికారం మాత్రం నాకూ మీకూ ఉంది. దాన్ని వాడుకుందాం.