ఎండదినము – అంకెల పుస్తకము

శివరాత్రితో చలి ‘శివ శివా’ యని వెడలిపోవునని మన పెద్దలందురు. కాని యొక్కొక్క యేడు శివరాత్రి రాకమునుపే చలి మాయమై, విశాఖపట్టణపు వీథులలో వేసవి యెండ కాయును. అట్టి దినమున ఎల్లరును ఒకే మాట యందురు: “ఇంతటి యెండ మునుపెన్నడును ఎఱుగము.” ఆ మాట నిజమా? నిరుడు ఇదే దినమున వేడి యెంత యుండెనో చెప్పుమన్నచో చెప్పగలవారు అరుదు. మన జ్ఞాపకము నిన్నటి చెమటను మఱచి, నేటి చెమటనే పెద్దచేయును.

అట్టి దినమున వేఱొక విధముగ ప్రవర్తించువారు కొందఱు కలరు. వారు విసుగుకొనక, ఉష్ణమాపకమును చూచి అంకె వ్రాసికొందురు. గాలి యే దిక్కునుండి వీచుచున్నదో గమనింతురు. సముద్రతీరమున ఈ రెండవ పని మిక్కిలి ముఖ్యము. ప్రొద్దెక్కిన కొలది నేల సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలమీది గాలి తేలికయై పైకి లేవగా, కడలిమీది చల్లగాలి ఆ చోటికి వచ్చును. పడమటిగాలి బలముగ వీచు దినమున ఆ చల్లగాలి తీరము దాటి రాజాలదు; వేడి పెరుగుచునే యుండును. ఒకే దినమున వాల్తేరులో ఒక అంకెయు, విమానాశ్రయమున వేఱొక అంకెయు నమోదగుట ఇందువలననే.

ప్రభుత్వ వాతావరణశాఖ యుండగా, చేతిలోని ఫోనే ఉష్ణోగ్రత చెప్పుచుండగా, మనకీ శ్రమ యేలయని కొందఱు అడుగవచ్చును. ఫోను చూపునది తఱచుగా విశాల ప్రాంతమునకు కట్టిన అంచనాయే కాని, మన వీథిలో కొలిచినది కాదు. అదియునుగాక, ఇట్టి పని ప్రభుత్వమే చేయవలెనని ఎదురుచూడనివారు ఈ నగరముననే యుండిరి. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత వ్యయముతో ఇచ్చట వేధశాలను స్థాపించిరి. వారి యనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. ఆకాశముతోపాటు వాతావరణమును గూడ గమనించి వ్రాయు పని యచ్చట సాగినది.

అంకెలకు ప్రాణములతో సంబంధము కలదు. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. తీరప్రాంతమున గరిష్ఠోష్ణోగ్రత 37 డిగ్రీలకు తక్కువ గాక, సాధారణముకంటె 4.5 డిగ్రీలైనను మించినచో దానిని వడగాలిగా పరిగణింతురు. ఈ ‘సాధారణము’ ఎక్కడినుండి వచ్చినది? అనేక సంవత్సరములు ఎవరో విడువక వ్రాసిన అంకెల సగటే యది. 2023 ఫిబ్రవరిలో మన దేశపు సగటు గరిష్ఠోష్ణోగ్రత 1901 నుండి నాటివఱకు గల ఫిబ్రవరులన్నిటిలో అధికమని తేలినది. పాతలెక్కలు లేకున్నచో ఆ మాట చెప్పుటకు ఆధారమే యుండదు. ఒక్క ఎండదినమును చూచి శీతోష్ణస్థితి మాఱినదనుట తొందరపాటు. అనేక సంవత్సరముల లెక్కను చూచియు మాఱలేదనుట మొండితనము.

కావున ప్రతి పాఠశాలయందును ఒక వాతావరణ పుస్తకము ఉండవలెనని నా యభిప్రాయము. గాలి యాడు సందులుగల తెల్లని చెక్కపెట్టెను నేలకు నాలుగడుగుల యెత్తున నిలిపి, తలుపు ఉత్తరమునకుంచి, అందు ఉష్ణమాపకమును అమర్చవలెను. నేరుటెండ దానిపై పడరాదు. ప్రతిదినము ఒకే వేళకు చూడవలెను. కనబడిన అంకెనే వ్రాయవలెను, ఊహించి వ్రాయరాదు. చూడని దినమున ఆ గడిని ఖాళీగా విడుచుటయే న్యాయము.

విద్యార్థులారా! వింత దినములను మాత్రమే వ్రాసిన పుస్తకము నిరుపయోగము. ఏ విశేషమును లేని దినములను గూడ వ్రాసినప్పుడే వింతదినము వింతయని తెలియును. మీరు ఎనిమిదవ తరగతిలో మొదలిడిన పుస్తకమును మీ తరువాతివారు కొనసాగింతురు గాక. అప్పుడు “ఇంతటి యెండ ఎఱుగము” అను మాట విన్నపుడు, పుటలు త్రిప్పి నిజము చెప్పగలవారు మన ఊర నుందురు.