దావా కంటే ముందు దస్తావేజు చూపాలి

పొలం గట్టు తగాదా ఏదైనా తేలేది దస్తావేజులోని హద్దుల దగ్గరే. కంప్యూటర్ల లోకంలోనూ అంతేనని అమెరికాలో 18 ఏళ్లు నడిచిన ఒక దావా చెబుతోంది.

మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు లోపలి ఇంజను లైనక్స్. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని మొదలుపెట్టాడు. 1992లో జీపీఎల్ అనే షరతు పత్రం కిందికి తెచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి ఇతరులకు ఇచ్చేవారు ఆ మార్పును కూడా అవే షరతులపై ఇవ్వాలి.

2003 మార్చిలో ఎస్‌సీఓ గ్రూపు అనే కంపెనీ ఐబీఎంపై 100 కోట్ల డాలర్ల దావా వేసింది. తమ సొత్తయిన యూనిక్స్ రహస్యాలను ఐబీఎం లైనక్స్‌లో కలిపిందని ఆరోపణ. తర్వాత అడిగిన మొత్తం 500 కోట్లకు పెరిగింది. లైనక్స్ వాడేవారూ తమ వద్ద లైసెన్సు కొనాలని హెచ్చరించింది.

మరి యూనిక్స్ ఎవరిది? 1995లో నోవెల్ కంపెనీ యూనిక్స్ వ్యాపారాన్ని అమ్మింది. కాపీరైట్లు మాత్రం అమ్మకంలో లేవని ఆ ఒప్పందంలోనే ఉంది. 1996 నాటి సవరణ దీన్ని తికమక చేసింది. ఆ వ్యాపారం చేతులు మారి ఎస్‌సీఓకు చేరింది. 2007లో న్యాయమూర్తి నోవెల్ వైపు తీర్పు చెప్పారు. మరుసటి నెలలోనే ఎస్‌సీఓ దివాలా పిటిషను వేసింది. పై కోర్టు విచారణ మళ్లీ జరగాలంది. 2010లో జ్యూరీ కూడా హక్కు నోవెల్‌దేనని తేల్చింది. ఐబీఎంతో మిగిలిన తగాదా 2021లో రాజీతో ముగిసింది. ఐబీఎం ఇచ్చింది 1 కోటి 42 లక్షల 50 వేల డాలర్లు. అడిగినదాంట్లో నూరో వంతు కూడా కాదు.

ఫలానా వరుస మాది అని స్పష్టంగా చూపనందున 2006లోనే ఎస్‌సీఓ ఆరోపణలు చాలా వరకు కొట్టివేతకు గురయ్యాయి. రుజువు చూపకుండా వాడుకునేవారిని బెదిరించడం అన్యాయమని మా అభిప్రాయం. అలాగని ఉచితమంటే యజమాని లేనిదని కాదు. జీపీఎల్ కూడా కాపీరైటు చట్టం మీదే నిలబడింది. రాసినవారి హక్కు ఉంది కనుకే షరతుకు బలం వచ్చింది.

ఊరి చెరువుకూ, పోరంబోకుకూ ఇదే పాఠం. అందరిదీ అన్నది మాటగా ఉంటే ఎవరో ఒకరు ఆక్రమిస్తారు. కాగితం మీద, హద్దులతో ఉంటేనే నిలుస్తుంది. పంచాయతీ రికార్డులు సరిగా ఉన్నాయో లేదో గ్రామసభలో అడగండి. తగాదా వచ్చాక వెతికితే ఆలస్యమవుతుంది.